స్కూల్లో దెబ్బ తగిలితే అది ప్రమాదమా, సెలవా?

నవంబర్ 21, 2025న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి రావడంతో స్కూలు సిబ్బందిని చాలా కాలంగా వేధిస్తున్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. పనిలో ఉండగా దెబ్బ తగిలితే ఆ సంగతి ఎవరు రాయాలి, ఎవరికి చెప్పాలి? వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 10వ సెక్షన్ దీనికి సూటిగానే జవాబిచ్చింది. పనిలో జరిగిన ప్రమాదంలో మనిషి చనిపోయినా, గాయపడి 48 గంటలు, అంతకు మించి పని చేయలేకపోయినా యజమాని అధికారులకు నోటీసు పంపాలి. ఫ్యాక్టరీలకు ఈ నియమం పాతదే. కొత్త కోడ్ దాన్ని పదిమంది, అంతకు మించి వర్కర్లున్న సంస్థలకు విస్తరించింది.

చిక్కంతా ఆ 'వర్కర్' అనే మాటలోనే ఉంది. శారీరక, నైపుణ్య, సాంకేతిక, గుమాస్తా, సూపర్‌వైజరీ పనులు చేసేవాళ్లని కోడ్ వరసగా చెప్పింది. ఆ వరసలో బోధన లేదు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ దాదాపు ఇదే వరస ఉండేది. దాని అర్థాన్ని సుప్రీంకోర్టు 1988లో తేల్చింది. ఇవాళ్టి గొడవకు మూలం ఆ తీర్పే.

గోవాలోని కరంజాలెంలో ఒక మత సంస్థ నడిపే స్కూల్లో టీచర్‌ను 1975లో ఉద్యోగం నుంచి తీసేశారు. ఆమె కోర్టుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, పదమూడేళ్లకు సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. స్కూలు 'పరిశ్రమ' కిందికి వస్తుంది, టీచర్ మాత్రం 'వర్క్‌మన్' (పాత చట్టంలో వర్కర్‌కు వాడిన మాట) కాదు. చదువు చెప్పడం ఉదాత్తమైన వృత్తి, ఒక మిషన్ లాంటిది, దాన్ని కూలి పనితోనో గుమాస్తా పనితోనో కలపలేమని కోర్టు భావించింది. టీచర్ల ఉద్యోగ భద్రతకు తగిన చట్టం చేయాలని అదే తీర్పులో సూచించింది కూడా. మన దగ్గర చెలామణి అయింది మాత్రం టీచర్ వర్క్‌మన్ కాదన్న భాగమే.

అది ఉద్యోగం పోయిన కేసు, ప్రమాదం కేసు కాదు. కానీ ఆ తర్వాత స్కూలు సిబ్బంది రెండు ముక్కలయ్యారు. విచిత్రం ఏమిటంటే అంతకు పాతికేళ్ల ముందు చట్టం లోపలా బయటా అని విడదీసే గీత ఇంకోచోట ఉంది. 1963లో ఢిల్లీ విశ్వవిద్యాలయం బస్సు డ్రైవర్ల కేసులో, విద్య అసలు పరిశ్రమే కాదంటూ డ్రైవర్లను కూడా బయటే నిలబెట్టారు. 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదాన్ని తోసేసింది. విద్యాసంస్థలను తప్పిస్తూ 1982లో పార్లమెంటు చేసిన సవరణ ఎప్పుడూ అమల్లోకి రాలేదు. చివరికి డ్రైవర్ లోపలికి వచ్చాడు, టీచర్ బయట ఉండిపోయింది.

నష్టపరిహారం దగ్గర దీని ఫలితం కనిపిస్తుంది. కొత్త కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం జాబితాలో మోటారు వాహనాల మీద పనిచేసేవాళ్లు ఉండేవాళ్లు, టీచర్లు లేరు. ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) లేని స్కూలు బస్సు బోల్తా పడితే డ్రైవర్‌కు పరిహార కమిషనర్ దగ్గరికి వెళ్లే దారి ఉండేది. పక్క సీట్లో కూర్చుని పిల్లల్ని చూసుకుంటున్న టీచర్‌కు మోటారు ప్రమాదాల ట్రిబ్యునలే దిక్కు. బస్సు ఒకటే, డ్యూటీ ఒకటే.

రిపోర్టింగ్‌లో ఇంకా పెద్ద కంత ఉండేది. అదే చట్టం 10బి సెక్షన్ ప్రకారం చావుకు, చేయో కాలో విరగడం వంటి తీవ్ర గాయానికి, 20 రోజులు దాటి పనికి దూరమైన గాయానికి ఏడు రోజుల్లో కమిషనర్‌కు రిపోర్టు పంపాల్సి ఉండేది. కానీ అది ఇంకో చట్టం ప్రకారం నోటీసు ఇవ్వాల్సిన చోటికే వర్తించేది. ఫ్యాక్టరీకి ఆ ఇంకో చట్టం ఉండేది. స్కూలుకు లేదు.

అందుకే జరిగేది ఇలా ఉంటుంది. ఫినాయిల్ తడి మీద కాలు జారి ఆయా మణికట్టు విరుగుతుంది. ఆస్పత్రికి తీసుకెళ్లేవాళ్లు ఆటోలోనే చెప్తారు: "ఇంట్లో పడ్డానని చెప్పమ్మా, లేకపోతే కేసులు, టెన్షన్." ఓపీ చీటీ మీద ఆ మాటే ఎక్కుతుంది. హాజరు పట్టీలో ఆమె పేరు ఎదురుగా మూడు సీఎల్‌లు, ఆ తర్వాత జీతం లేని సెలవు. ప్రమాదం జరిగినట్టు ఎక్కడా ఒక్క అక్షరం ఉండదు. ల్యాబ్‌లో యాసిడ్ చిందిన టీచర్ పరిస్థితీ ఇంతే.

యాజమాన్యాల మాట వేరు. స్కూలు ఫ్యాక్టరీ కాదని, చిన్న బడులకు ఫారాలు నింపడమే భారమని అంటారు. ఈఎస్ఐ ఉన్న చోట ప్రమాదాల పుస్తకం, ప్రమాద రిపోర్టు ఎలాగూ ఉన్నాయి కదా అని గుర్తు చేస్తారు. నిజమే. అయితే ఈఎస్ఐ 2017 నుంచి నెలకు 21,000 రూపాయల లోపు జీతాలకే, అదీ కొత్త కోడ్‌లు వచ్చేదాకా రాష్ట్రం నోటిఫై చేసిన విద్యాసంస్థలకే ఉండేది.

ప్రభుత్వ బడి వంటగది సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. మధ్యాహ్న భోజనం వండే ఆమెకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2009లో కేంద్రం దాన్ని నెలకు 1,000 రూపాయలుగా పెట్టింది, ఆపైన రాష్ట్రాలు కలుపుకుంటున్నాయి. పెద్ద గిన్నె వంచి గంజి వార్చేటప్పుడు ముంజేతులు కాలితే, ఆమె ఉద్యోగే కాదన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. కొత్త కోడ్ రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులకు వర్తించదు. బడి ఆఫీసు కిందికి వస్తుందా అన్నది మరో వాదన. టీచర్‌ను గౌరవం పేరుతో పక్కన పెట్టారు, వంటమనిషిని గౌరవ వేతనం పేరుతో.

2004లో కుంభకోణం స్కూలు మంటల్లో 94 మంది పిల్లలు చనిపోయాక, 2009లో సుప్రీంకోర్టు బడుల్లో అగ్నిప్రమాద భద్రతకు ఆదేశాలిచ్చింది. ఆ శ్రద్ధ పిల్లల కోసం వచ్చింది, రావాల్సిందే. సిబ్బంది గాయాలను లెక్కపెట్టే ఏర్పాటు మాత్రం దానితో రాలేదు.

చట్టం తల్చుకుంటే గీత జరపగలదని గ్రాట్యుటీ విషయంలో రుజువైంది. టీచర్ 'ఎంప్లాయీ' కాదని 2004లో సుప్రీంకోర్టు అంటే, 2009లో పార్లమెంటు నిర్వచనాన్నే మార్చి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తింపజేసింది. స్కూళ్లు సవాలు చేసినా 2022లో సుప్రీంకోర్టు సవరణను నిలబెట్టింది. ప్రమాదాల నోటీసుకు అలాంటి సవరణ లేదు. ఆయా, అటెండర్, డ్రైవర్ విషయంలో వర్కర్ అన్న మాటకు అడ్డు లేదు కాబట్టి సిబ్బంది పట్టు ఇప్పుడు అక్కడ ఉంది. అయితే 48 గంటల లెక్క దెబ్బ తగిలిన క్షణం నుంచి మొదలవుతుంది. హాజరు పట్టీలో ఆ రోజు సీఎల్ పడితే ఆ లెక్క మొదలే కాదు.