ఒక్క మ్యాచూ ఓడలేదు కాబట్టి ఇప్పుడే టికెట్లు కొనేద్దామా?

అమెరికాలో మనవాళ్లకి ఫ్లైట్లు, హోటళ్లు బుక్ చేసిపెట్టడం నా పని. నవంబరు వచ్చిందంటే ఒకటే ఫోను: "అన్నా, మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఇంతవరకూ ఒక్కటీ ఓడలేదు. ప్లేఆఫ్ పక్కా. ఇప్పుడే కొంటే చవక కదా?"

అపోహ: రెగ్యులర్ సీజన్‌లో (మొదటి 12 మ్యాచ్‌లు) ఓటమి లేకపోతే, ఛాంపియన్ ఎవరో తేల్చే నాకౌట్ మ్యాచ్‌లకి, అంటే ప్లేఆఫ్‌కి, చోటు ఖాయం.

వాస్తవం: చోటిచ్చేది 13 మంది సెలక్షన్ కమిటీ. 2023లో ఫ్లోరిడా స్టేట్ 12కి 12 గెలిచింది. నవంబరు 18న నార్త్ అలబామాతో ఆడుతుండగా టీమ్ ఆటని నడిపించే క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ ట్రావిస్ కాలికి గాయమై సీజన్‌కే దూరమయ్యాడు. అతను లేకుండానే ఫ్లోరిడా యూనివర్సిటీని 24-15తో, తమ కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీల లీగ్) ఏసీసీ ఫైనల్లో లూయివిల్‌ని 16-6తో కొట్టారు. 13-0! మర్నాడు కమిటీ తీసుకున్న నాలుగు టీములు మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామా. చివరి రెండూ ఒక్కో మ్యాచ్ ఓడినవే. ముఖ్యమైన ఆటగాడు లేకపోతే దాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చని కమిటీ నిబంధనల్లోనే ఉంది. అది చదవకుండానే వాట్సాప్ గ్రూపుల్లో "కన్ఫర్మ్" అని పెట్టేస్తారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఫ్లోరిడా స్టేట్ ఉన్న టాలహాసీలో ఎమ్మెస్ చదివే ఒకబ్బాయి ఆ మాట నమ్మి, న్యూ ఓర్లీన్స్ సెమీఫైనల్ కోసం రిఫండ్ లేని హోటల్ గది తీసేసుకున్నాడు. టీమేమో మయామి దగ్గర, ఆ ఏడాది ప్లేఆఫ్‌లో భాగం కాని ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌కి వెళ్లింది. "ఫ్రెండ్స్ వాటా కూడా నా కార్డు మీదే పడిందన్నా, అమ్మకి ఏం చెప్పను?" అన్నాడు. అసిస్టెంట్‌షిప్ జీతంతో నెట్టుకొచ్చే పిల్లాణ్ణి ఏమనగలం? నా కోపమంతా ఆ "కన్ఫర్మ్" పెట్టినవాళ్ల మీదే.

"ఇప్పుడు 12 టీములు కదా" అంటారు. నిజమే, 2024 నుంచి మారింది. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఓడకుండా వస్తే చోటు దాదాపు దొరికినట్టే. కానీ తర్వాతి రౌండు దాకా నిలుస్తారని ఎవరు చెప్పారు? ఆ ఏడాది ఓరెగాన్ 13-0తో నంబర్ వన్. అక్టోబరులో తాము 32-31తో ఓడించిన ఒహాయో స్టేట్ చేతిలోనే రోజ్ బౌల్‌లో 41-21తో ఓడి, క్వార్టర్‌ఫైనల్లోనే ఇంటికెళ్లింది. మొదటి రౌండు ఆడనక్కర్లేకుండా వచ్చిన మిగతా మూడు టీములదీ అదే గతి. వాళ్ల కోసం ముందే సెమీఫైనల్ ఊళ్లో గది తీసుకున్నవాళ్ల సంగతి ఆలోచించండి.

అపోహ: కాన్ఫరెన్స్ ఫైనల్ రెగ్యులర్ సీజన్‌లో భాగమే. కాదు, అది 12 మ్యాచ్‌లు అయ్యాక.

అపోహ: డ్రా చేసుకున్నా ఓడనట్టే కదా. 1996 నుంచి ఓవర్‌టైమ్ ఉంది, డ్రా అనేదే లేదు.

డిసెంబరు మొదట్లో ఆదివారం జాబితా వస్తుంది. అప్పటిదాకా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న గది మాత్రమే తీసుకోండి. ఫ్లైటైతే ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటల్లోపు రద్దు చేసుకుంటే సాధారణంగా డబ్బంతా వెనక్కొస్తుంది. జాబితా రాగానే నాకు ఫోన్ చేయండి, రాత్రయినా ఎత్తుతాను.