గడ్డి జల్లెడ కాదు, అసలు పని నేలది

పొలానికీ వాగుకీ మధ్య కొన్ని మీటర్లు దున్నకుండా గడ్డికీ పొదలకీ వదిలేస్తే పేడలోని బ్యాక్టీరియా నీళ్లలో కలవదని చాలామంది వినే ఉంటారు. గడ్డి జల్లెడలా క్రిముల్ని పట్టేస్తుందనే అనుకుంటారు కూడా. నిజానికి పట్టేది గడ్డి కాదు, దాని కింద ఉన్న నేల. ఈ తేడా తెలియకపోతే గడ్డి పెంచి కూడా ఫలితం లేకుండా పోతుంది.

పశువుల పేగుల్లో, పేడలో ఉండే ఈ.కోలి అనే బ్యాక్టీరియా పొడవు దాదాపు 2 మైక్రాన్లు, అలాంటివి 500 వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు. ఇసుక రేణువులైతే నీటి వేగం తగ్గగానే అడుగుకి చేరతాయి. విడిగా తేలే బ్యాక్టీరియా అలా కాదు, కదలని నీళ్లలో కూడా రోజంతా కలిపి కొన్ని మిల్లీమీటర్లే దిగుతుంది. వాన నీళ్లేమో గడ్డి పట్టీని నిమిషాల్లో దాటేస్తాయి.

అందుకే నీళ్లు ఇంకాలి. జోరు వాన తగ్గాక గడ్డి కుదుళ్ల దగ్గర వంగి చూడండి, ఎండు పరకలు, పుల్లలు, ఆకులు అడ్డం పడి బుల్లి బుల్లి కట్టల్లా తయారవుతాయి, వాటి వెనక నీళ్లు నిలిచి, మట్టిలోని గాలి బుడగలు బుడగలుగా పైకి వస్తుంటే ఆ నీళ్లు లోపలికి దిగుతుంటాయి. ఆ దిగే నీళ్లతోపాటే బ్యాక్టీరియా కూడా లోపలికి పోతుంది. వేళ్లు మట్టిని గుల్లగా ఉంచబట్టే ఇది సాధ్యం.

లోపల కథ వేరు. సన్న సందుల్లో కొన్ని ఇరుక్కుంటాయి, చాలా వరకు మట్టి రేణువులకి అతుక్కుంటాయి. బంకమన్నుకీ బ్యాక్టీరియాకీ రెండింటి పైనా రుణావేశమే కాబట్టి వికర్షించుకోవాలి, కానీ నీటిలోని కాల్షియం, మట్టిలోని ఐరన్ ఆక్సైడ్లు మధ్యలో వంతెనలా నిలుస్తాయి. ఆ తర్వాత అమీబాల్లాంటి జీవులు వాటిని తినేస్తాయి. పశువు పేగులో వెచ్చదనానికీ తిండికీ అలవాటుపడ్డ క్రిమి మట్టిలో చలికీ, ఆకలికీ, తడి ఆరిపోవడానికీ ఎక్కువ కాలం తట్టుకోలేదు. అయినా పూర్తిగా నశించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఈ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో కూడా చెప్పాలి. నేల అప్పటికే నీళ్లతో నిండిపోయి ఉంటే ఇంకడం ఆగిపోతుంది, పశువులు తొక్కి గట్టిపరిచినా అంతే. నీళ్లు పాయగా మారి గండి కొట్టుకుంటే పట్టీ ఎంత వెడల్పున్నా అది దాటిపోతుంది. కెనడాలోని వాకర్టన్‌లో 2000 మేలో జోరు వానలకి పేడ ఎరువులోని ఈ.కోలి ఊరికి నీళ్లిచ్చే లోతు తక్కువ బావిలోకి చేరింది, 7 మంది చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. క్లోరిన్ సరిగ్గా కలపకపోవడం పెద్ద తప్పే. కానీ అక్కడ మట్టి పొర పలచన, కింద పగుళ్ల రాయి, అంటే క్రిముల్ని పట్టి ఉంచాల్సిన మట్టే తగినంత లేదు. ఎరువు వేసిన రైతు పద్ధతి ప్రకారమే చేశాడని విచారణలో తేలింది.

కాబట్టి ఎన్ని మీటర్లు వదలాలి అనే ప్రశ్నకంటే ముందు, వాన కురుస్తుండగా గొడుగేసుకుని వెళ్లి నీళ్లు ఎక్కడ పాయ కడుతున్నాయో చూడాలి. పట్టీని వెడల్పు చేయాల్సింది, నీళ్లని పలచగా పరిచి వదలాల్సింది అక్కడే.