రెండు ‘హల్’లు, ఒకే కకారం

హెచ్, ఏ, ఎల్ అని వరసగా రాసి డెన్మార్క్‌లో చూపిస్తే పెద్ద గది, ఆటల హాలు అంటారు. అదే హంగేరీలో చూపిస్తే చేప అంటారు. క్రియగా వాడితే అక్కడ దానికి ‘చచ్చిపోవు’ అనే అర్థమూ ఉంది. రాత ఒకటే గాని పలుకు వేరు: హంగేరియన్‌లో ఆ అచ్చును పెదవులు గుండ్రంగా చుట్టి, అ-కీ ఒ-కీ మధ్యన పలుకుతారు.

మాట కలిసిందని చుట్టరికం కలిపేసే అలవాటు మనకు గట్టిగానే ఉంది. ముందు లెక్క చూద్దాం. మొదట 15 హల్లులు, నడుమ 7 అచ్చులు, చివర 15 హల్లులు వీలయ్యే భాషలు రెండున్నాయనుకోండి. మూడు ధ్వనుల మాటలు 1,575 మాత్రమే సాధ్యం. ఒక్కో భాష వాటిలో 500 వాడుకుంటే, ఏ సంబంధం లేకపోయినా సగటున 159 మాటలు ఒకేలా వస్తాయి.

అసలు అందం ఆ ‘హ’లో ఉంది. అది రెండు చోట్లా ఒకప్పటి ‘క’! హంగేరియన్‌కు బంధువైన ఫిన్నిష్‌లో చేప ‘కల’. ఫిన్నిష్ ‘కొల్మె’ (మూడు) హంగేరియన్‌లో ‘హారొమ్’, ‘కూసి’ (ఆరు) ‘హత్’. నాలుక ముందుకు జరిగి పలికే అచ్చుల ముందు మాత్రం క అలాగే ఉండిపోయింది: చెయ్యి ఫిన్నిష్‌లో ‘క్యాసి’, హంగేరియన్‌లో ‘కేజ్’. ఇక డేనిష్ ‘హల్’ మూలధాతువు ‘కెల్’, అంటే కప్పు; దాచడమనే అర్థమున్న లాటిన్ ‘కేలారె’ దాని తోడుదే. లాటిన్ ‘కోర్నూ’ (కొమ్ము) డేనిష్‌లో ‘హోర్న్’. ఈ వరసను డెన్మార్క్ పండితుడు రాస్మస్ రాస్క్ 1818లోనే అచ్చువేశాడు. దాని పేరు మాత్రం తర్వాత రాసిన జర్మన్ పండితుడు గ్రిమ్‌కు దక్కింది.

అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని ‘క’ అనండి. నాలుక వెనకభాగం అంగిలికి పూర్తిగా అంటుకుని విడిపోతుంది. ఇప్పుడు అంటీ అంటకుండా ఆపి ఊదండి, గరగర వస్తుంది. నాలుకను ఇంకాస్త దించితే మిగిలేది ఊపిరే, అదే ‘హ’. ఈ బాట నోటిలోనే ఉంది కాబట్టి సంబంధం లేని భాషలు కూడా వేర్వేరుగా దాని వెంట నడుస్తాయి.

చుట్టరికం తేల్చాలంటే అంకెలు, శరీరభాగాలు, నీరు, నిప్పు లాంటి మాటలు తీసుకోవాలి. వస్తువుల పేర్లు పక్క భాషల నుంచి అరువు వస్తాయి. ఒకే మార్పు పది మాటల్లో వరసగా కనబడాలి. కన్నడంతో మనకు అలాగే కుదురుతుంది: పులి-హులి, పంది-హంది, పువ్వు-హూవు. మన ఇంటి ‘హాలు’ ఇంగ్లిషు నుంచి వచ్చింది, డేనిష్ హల్‌కు తోబుట్టువు. దాని ‘హ’ క నుంచి పుట్టింది. కన్నడిగుల ‘హాలు’ మన పాలు. హళగన్నడంలో, అంటే పాత కన్నడంలో, అది ‘పాల్’.