బొంత ఎందుకు ఆగిపోతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో బొంతలు కుట్టడం, నేర్పడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కంటే సగంలో ఆపేసినవాళ్లే ఎక్కువ. సంచి విప్పితే కత్తిరించిన ముక్కలు కొన్ని, అతికిన వరుసలు కొన్ని, మడత విప్పని దూది షీటు ఒకటి ఉంటాయి. బొంతలు వేరైనా అందరూ చెప్పే మాటలు మాత్రం ఇంచుమించు ఒకటే. అవి నిజాలనుకుని ఏళ్ల తరబడి బాధపడుతుంటారు, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "నాకు బద్ధకం అక్కా, అందుకే కాలే."

బద్ధకం ఉన్న మనిషి పాత చీరలు ఉతికి, ఇస్త్రీ చేసి, కొలత పెట్టి ముక్కలు కోయదు. అంత చేసిన మనిషి ఆగిపోయిందంటే అక్కడ ఏదో తేలని విషయం ఉందని అర్థం. నేను చూసినంతలో బొంత కుట్టేచోట ఆగదు, తేల్చుకోవాల్సినచోట ఆగుతుంది. ఏ రంగు పక్కన ఏది పెట్టాలి, అడుగు గుడ్డ ఏది, దూది పెట్టాలా వద్దా, చేత్తో కుట్టాలా మిషన్ మీదా? ఈ ప్రశ్నల్లో ఒకటి తేలక సంచి అటక ఎక్కుతుంది. ఆ తర్వాత దాన్ని చూస్తేనే టెన్షన్, కాబట్టి చూడకుండా ఉండటమే హాయి. పనులు వాయిదా వేయడంపై ఫ్యూషియా సిరోయిస్, తిమోతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో రాసిన వ్యాసం కూడా ఇదే చెబుతుంది: మనం తప్పించుకునేది పనిని కాదు, ఆ పని తలచుకుంటే మనసుకు కలిగే ఇబ్బందిని.

ఒకావిడ చనిపోయిన వాళ్లమ్మ నూలు చీరలు ఒక అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చింది. ఏళ్లుగా ఆ పెట్టె అలాగే ఉందట. "ఎప్పుడు కత్తెర పట్టినా చెయ్యి వణుకుతది అక్కా" అంది. దాన్ని బద్ధకం అని ఎవరంటారు? ఇద్దరం కూర్చుని ఒక చీర పరిచాం. కొంగు జోలికి పోలేదు, దాన్ని మడిచి పక్కన పెట్టించాను. నడుముకు దోపుకునే లోపలి కొస ఉంటుంది కదా, అంచు సాదాగా, ఎవరి కంటా పడని భాగం. మొదటి కోత అక్కడ పెట్టించాను. గుడ్డను వెలుతురుకు ఎత్తి చూశాం, రెండు బొటనవేళ్ల మధ్య లాగి చూశాం, ఇంకా గట్టిగానే ఉంది. ఆ ముక్క కోసినాక మిగతా చీర మీద తనే గీతలు గీసుకుంది. కొంగు చివరికి బొంత నడుమ పెద్ద ముక్కగా నిలిచింది.

అందుకే ఆగిపోయిన బొంత తెస్తే నేను ముందు సూది ఇవ్వను. "దీనిలో నువ్వు ఇంకా తేల్చుకోనిది ఏంది బిడ్డా?" అని అడుగుతాను. ఒక కాగితం మీద ఆ ఒక్క ప్రశ్న రాయిస్తాను. చాలాసార్లు జవాబు అక్కడే వచ్చేస్తుంది.

అపోహ: "దసరా సెలవుల్లో ఒక్క ఊపున కూర్చుని కుట్టేస్తా."

దసరాకు బతుకమ్మ ఉంటుంది, ఆడబిడ్డలు వస్తారు, ఇల్లంతా సందడి. ఆ రోజుల్లో బొంత పరచడానికి నేల కూడా దొరకదు. దొరికినా రోజంతా వంగి కుడితే మర్నాడు నడుము లేవదు, సూది పట్టిన వేళ్లు వాచిపోతాయి.

లెక్క వేసి చూడండి. డబుల్ కాట్ బొంత 90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడవు అనుకుందాం. పొడవునా రెండంగుళాలకొక వరుస చొప్పున కుడితే 44 వరుసలు. చెయ్యి అలవాటైనవాళ్లకు ఒక్కో వరుసకు అరగంటో ముప్పావుగంటో పడుతుంది. రోజుకొక వరుస కుడితే నెలన్నరలో నడుమ కుట్టంతా అయిపోతుంది. భయపెట్టిన బొంత ఇదే. సెలవుల కోసం చూస్తే ఏడాది పడుతుంది, అప్పటికీ కాదు.

అసలు రోజూ కుట్టలేకపోవడానికి కారణం కుట్టు కాదు. అటక మీంచి దించడం, పరచడం, సూది వెతకడం, దారం ఎక్కించడం, వీటికే పొద్దుపోతుంది. మన వరంగల్ కొత్తవాడలో దర్రీలు, అంటే జంపఖానాలు, నేసే ఇళ్లు చూడండి. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన వరంగల్ దర్రీలు ఆ మగ్గాల మీదివే. మగ్గం ఇంట్లో ఎప్పుడూ నిలిచే ఉంటుంది, పడుగు, అంటే నిలువు దారాలు, దాని మీదే ఉంటుంది. మనిషి కూర్చుంటే పని మొదలైనట్టే. బొంతకూ అలాంటి చోటు కావాలి: కుర్చీ పక్కన ఒక బుట్ట, పైకి కనిపించేలా రేపటి వరుస, దారం ఎక్కించి ఉంచిన రెండు సూదులు. వానాకాలంలో సూదిని బొంతలో గుచ్చి వదలకండి, తుప్పు మరక పోదు. పాత ముక్కకు గుచ్చండి.

"వీలైనప్పుడు" అని కాకుండా "రాత్రి గిన్నెలు తోమినాక ఒక వరుస" అని వేళతో సహా అనుకోండి. ఎప్పుడు, ఎక్కడ అని ముందే ముడిపెట్టుకున్న పని జరిగే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లోనే రాశాడు. మా అమ్మల కాలంలో ఆడవాళ్లు పగటి అన్నాలైనాక అరుగు మీద చేరి బొంతలు కుట్టింది ఇలాగే.

అపోహ: "పై పొర మొత్తం అతికినాకే పొరలు కలపాలి."

ఎక్కువ బొంతలు ఆగేది ఈ మెట్టు దగ్గరే. పై పొర అయింది. ఇక అడుగు గుడ్డ నేలమీద ముడతలేకుండా పరచాలి, దాని మీద దూది, దాని మీద పై పొర, బెత్తెడుకొక పిన్నీసు, నడుమ నుంచి బయటికి. గదిలోని మంచం లేపాలి, పిల్లల్ని పంపించాలి. ఎవరికైనా గుండె జారుతుంది.

కానీ ఇదొక్కటే దారి కాదు. పదిన్నర అంగుళాల పై ముక్క, దానికి దూది, అడుగు గుడ్డ మూడూ కలిపి ఒళ్లో పెట్టుకుని చిన్న చదరంగానే కుట్టేయవచ్చు. చుట్టూ అంగుళం మాత్రం కుట్టకుండా వదలాలి. తర్వాత రెండు చదరాల పై గుడ్డలను కలిపి మిషన్ మీద అతకాలి, లోపల దూదిని ఒకదానికొకటి ఆనేలా కోయాలి, వెనకవైపు ఒక గుడ్డ అంచు మడిచి రెండోదాని మీద చేత్తో కుట్టాలి. బస్సులో పోతూ కూడా చదరం కుట్టుకోవచ్చు.

అమెరికాలో ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా కుట్టిన మహా బొంతను 1987 అక్టోబర్‌లో వాషింగ్టన్‌లో మొదటిసారి పరిచినప్పుడు అందులో 1,920 పలకలు ఉన్నాయి. ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఆప్తులు ఎక్కడికక్కడ కుట్టినవి. ఎనిమిదేసి కలిపితే పన్నెండడుగుల చదరం. అంత బొంతను ఒక్కచోట కూర్చుని ఎవరూ కుట్టలేదు.

మన పొరుగున కర్ణాటకలో, ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడిన సిద్దీల ఆడవాళ్లు కుట్టే కవండి అనే బొంత ఇంకా ముచ్చటైనది. వాళ్లు పై పొరను ముందుగా అతకనే అతకరు. అడుగు గుడ్డ అంచున మొదలుపెట్టి, ఒక్కో ముక్కను మడిచి పెట్టి కుడుతూ చుట్టూ తిరుగుతూ నడుమకు చేరతారు. ముక్క పెట్టినప్పుడే పొరలు కలిసిపోతాయి కాబట్టి ముడత పోగుపడదు. విడిగా అతికిన పై పొరను మాత్రం అంచు నుంచి మొదలుపెడితే నడుమ ఉబ్బు వస్తుంది. రెండు పద్ధతులనూ కలపకండి.

అపోహ: "మంచి దూది దొరికినాక మొదలుపెడతా."

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు వరుసకట్టే ఊరు మనది. అయినా మన పాత బొంతలు చాలావాటిలో దూది ఉండదు. మెత్తబడిన ధోవతులు, లుంగీలే నడుమ పొరలు. ఇంట్లో ఉన్నదే చాలు. ఒక్క జాగ్రత్త: ఉతికి ఉతికి దిగిపోయిన పాత చీర పక్కన కొత్త నూలు గుడ్డ పెడితే దాన్ని ముందు తడిపి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకులో అదొక్కటే కుంచించుకుపోయి ముడతలు పడుతుంది. పట్టు ముక్కలు నూలుతో కలపవద్దు.

అపోహ: "కుట్లు వంకరగా వచ్చినయ్, విప్పి మళ్లీ కుట్టాలె."

విప్పాల్సింది రెండే: ఊడిపోయే అతుకు, వెనక మడత పడిన చోటు. కుట్టు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే వదిలేయండి. కప్పుకున్నప్పుడు అది ఎవరికీ కనబడదు. విప్పడం మొదలుపెట్టినవాళ్లు తిరిగి కుట్టడం నేను అరుదుగా చూశాను.

అపోహ: "డబుల్ కాట్ అని మొదలుపెట్టిన, ఇప్పుడు తగ్గిస్తే ఓడిపోయినట్టే."

ఎందుకు ఓడిపోవడం? పదంగుళాల చదరాలు ముప్పై అయితే అడ్డంగా ఐదు, నిలువునా ఆరు పెట్టండి, 50 అంగుళాలకు 60, ఒక మనిషి కప్పుకునే బొంత. పన్నెండే అయితే మూడు, నాలుగు పెట్టండి, చంటిపిల్లను తొట్టెలలో వేసే రోజుకు ఇవ్వచ్చు. మిగిలిన ముక్కలు తల్లి చీరలవైతే అక్కచెల్లెళ్లకు పంచండి, వాళ్లు చిన్నవి కుట్టుకుంటారు. సైజు తగ్గించాలని అనుకున్న రోజే అంచు పట్టీ కూడా కోసి పెట్టుకోండి. 50, 60 బొంతకు చుట్టుకొలత 220 అంగుళాలు, మూలల మడతలకూ అతుకులకూ కలిపి 240 ఉంటే చాలు. చీరను పొడవునా రెండున్నర అంగుళాల వెడల్పున కోస్తే రెండు పట్టీలకే సరిపోయి ఇంకా మిగులుతుంది.