చివరి పాటలో ‘స’ ఎందుకు చిట్లుతుంది?

మచిలీపట్నం నుంచి ఒక పెద్దాయన అడిగారు: “నాన్నగారి ఎల్పీ రికార్డులు అటక మీంచి దించాను. ఓ మోస్తరు టర్న్‌టేబుల్ కొన్నాను. మొదటి పాట హాయిగా ఉంటుంది. చివరి పాటకొచ్చేసరికి గాయని ‘స’ అన్నచోటల్లా ‘ష్ష్’మని చిట్లుతోంది. కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకుని ఉండే చిన్న డబ్బా) మార్చమంటున్నారు. పెద్దగా ఖర్చు కాకుండా ఏది కొనమంటారు?”

రోగి తన జబ్బు పేరు తానే చెప్పుకున్నట్టుంది. ‘చివరి పాట’ అన్నారు చూడండి, అందులోనే ఉంది అంతా.

కార్ట్రిడ్జ్‌లో అయస్కాంతం, దాని పక్కన తీగచుట్టలు, ముల్లు ఊగితే కరెంటు పుట్టడం, ఇదంతా ఇంటర్ ఫిజిక్సు పుస్తకంలో ఉన్నదే. దాన్ని వదిలేస్తున్నాను. నాకు ముల్లు కొస మీదే మోజు.

రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచున తిరిగినా, నడుమ తిరిగినా అన్నే చుట్లు. కానీ మొదటి పాట గాడి కేంద్రానికి 14.6 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చివరి పాట ముగిసేచోటు దాదాపు 6 సెంటీమీటర్లే. అంటే ముల్లు కింద రికార్డు పరుగు మొదట సెకనుకు 51 సెంటీమీటర్లు, చివర 21. ‘స’లో ఉండే సన్నటి సీటీలో సెకనుకు పదివేల కంపనాలున్నాయనుకుందాం. వాటన్నిటినీ గాడి వంపులుగా మొదట 51 సెంటీమీటర్ల దారిలో పరిచారు, చివర 21 సెంటీమీటర్లలో కుక్కారు. ఒక్కో అల పొడవు అక్కడ 51 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఇక్కడ 21. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తుంచుకుంటే ఈ అంకెలకు ప్రాణం వస్తుంది. వేగం, పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యాల సూత్రం చెప్పేటప్పుడు మాస్టార్లు క్లాసులోకి ఒక పాత ఎల్పీ పట్టుకెళ్లకూడదా అని ఎన్నోసార్లనుకున్నాను. బోర్డు మీద అల గీసి, కింద లాంబ్డా రాసి, తుడిచేస్తారు.

ఇప్పుడు తిరుమల ఘాట్ రోడ్డు తలుచుకోండి. మలుపులు అన్నే ఉండాలి, రోడ్డు అటూ ఇటూ ఊగే వెడల్పూ అంతే ఉండాలి, పొడవు మాత్రం సగానికన్నా తక్కువకు నొక్కేశారు. మలుపు ఎంత ఇరుకవుతుంది? పొడవు తగ్గిన నిష్పత్తికి వర్గం! 14.6ని 6తో భాగించి వర్గం చేస్తే దాదాపు ఆరు. మొదటి పాటలోని మలుపు కన్నా చివరి పాటలోని మలుపు ఆరు రెట్లు ఇరుకు.

కాస్త ఓపిక పడితే అంకెలే వేద్దాం. ‘స’ని గట్టిగా కోశారనుకుని, గాడి పక్కలకు ఊగే గరిష్ఠ వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు తీసుకుంటే, ఊగే దూరం 1.6 మైక్రాన్లు. మలుపు దగ్గర వక్రతా వ్యాసార్ధం (మలుపును వృత్తంలో ముక్క అనుకుంటే ఆ వృత్తపు వ్యాసార్ధం) అంచున 41 మైక్రాన్లు, లోపల 7. చవక టర్న్‌టేబుళ్లతో వచ్చే ముల్లు కొస గుండ్రం, దాని వ్యాసార్ధం 15 నుంచి 18 మైక్రాన్లు. నలభైలో పద్దెనిమిది సుఖంగా తిరుగుతుంది. ఏడులో ఎలా తిరుగుతుంది? (గాడి గోడలు 45 డిగ్రీల వాలు కాబట్టి అసలు అంకెలు కొంచెం మారతాయి. కథ మారదు.) లోయలోకి దిగలేక ఈ గట్టు మీంచి ఆ గట్టు మీదికి దాటేస్తుంది. ఆ దాటేసిందే మీ ‘ష్ష్’.

ఇంకో తమాషా ఉంది. గాడిని కోసిన పరికరం ఉలిలాంటిది, వాయించేది గోళీలాంటిది. ఉలి ఏటవాలుగా సాగిన ప్రతిచోటా గాడి ఇరుకవుతుంది. ఇరుకైనచోట గోళీ పైకి లేస్తుంది, వెడల్పైనచోట దిగుతుంది. ఒక్కో అలకు రెండుసార్లు లేస్తుంది కాబట్టి, పాటలో లేని రెట్టింపు పౌనఃపున్యపు శబ్దం పుట్టుకొస్తుంది. స్టీరియో కార్ట్రిడ్జ్ ఈ పైకీ కిందికీ కదలికను కూడా పాటే అనుకుంటుంది. మీవి ఎడమా కుడీ తేడా లేని పాత మోనో రికార్డులై, ఆంప్లిఫయరుకు ‘మోనో’ బటన్ ఉంటే, ముందు అది నొక్కి చూడండి. ఎడమా కుడీ కలిసినప్పుడు ఆ నిలువు కదలిక రద్దవుతుంది. ఈ వైద్యానికి పైసా ఖర్చు లేదు.

మరి గోళీ కాకుండా ఏం కావాలి? మామిడి టెంక! టెంకను దారికి అడ్డంగా నిలబెట్టండి. రెండు గోడలనూ ఆనుకునేంత వెడల్పుంటుంది, మలుపులో దూరేంత పల్చగానూ ఉంటుంది. దీన్నే ఎలిప్టికల్ ముల్లు అంటారు. అడ్డంగా 18 మైక్రాన్లు, దారి వెంబడి 8. మన లెక్కలోని 7కు ఇంచుమించు సరిపోయింది. ఇంకా పదునైన మైక్రోలీనియర్ రకంలో ఆ 8 కాస్తా 3 దరిదాపుల్లోకొస్తుంది. గోళీని ఎలా తిప్పినా గోళీయే కానీ, టెంక వంకరగా నిలబడితే వెడల్పు వైపు మలుపులో ఇరుక్కుంటుంది. అందుకే ఇలాంటి ముల్లు కొన్నవాళ్లు అమరికకు ఓ అరగంట కేటాయించాలి.

కొనడానికొస్తే నా ఓటు ఆడియో-టెక్నికా వీఎం95ఈకి. కారణం ధ్వని ఒక్కటే కాదు. వీఎం95 వరుసలో ఒకటే ఒళ్లు, ముల్లు మాత్రం ఊడదీసి మార్చుకోవచ్చు. ఇవాళ ఎలిప్టికల్ పెట్టుకుని, డబ్బు కూడినప్పుడు మైక్రోలీనియర్ ముల్లు ఒక్కటే కొనొచ్చు. కంపెనీ చెప్పే ఆయుష్షు చూడండి: ఎలిప్టికల్‌కు 300 గంటలు, గుండ్రటి దానికి 500, మైక్రోలీనియర్‌కు 1,000. పదునైనదే ఎక్కువ మన్నుతోంది! పల్చటి ఆ కొస గోడ ఎత్తు పొడుగునా ఆనుతుంది కాబట్టి ఒత్తిడి పంచుకుంటుంది. వజ్రం అరగదన్న నమ్మకంతో పదేళ్లు ఒకే ముల్లు వాడేవాళ్లున్నారు. అరుగుతుందండీ, అరిగిన అంచుతో గాడిని చెక్కుతుంది కూడా. ఆర్టఫాన్ టూఎం రెడ్ కూడా మంచిదే, దానికీ పై రకమైన బ్లూ ముల్లు తగిలించుకోవచ్చు.

వీటి ముల్లు గాడి మీద మోపాల్సిన బరువు రెండు గ్రాములకు కాస్త అటూ ఇటూ. గుండ్రటి ముల్లున్న చవక కార్ట్రిడ్జ్ ఏటీ3600ఎల్‌కు ఇంకాస్త ఎక్కువ కావాలి. కొన్ని చవక టర్న్‌టేబుళ్లలో కార్ట్రిడ్జ్‌ను మోసే చెయ్యి వెనక ఈ బరువు సర్దుకునే వీలుండదు. అలాంటిదైతే కార్ట్రిడ్జ్ మార్చే ఆలోచన మానుకోండి.

మా నాన్న దగ్గర వేరే వైద్యముండేది. ముల్లు గెంతితే దాని నెత్తిన పావలా బిళ్ళ పెట్టేవారు. పావలా రెండున్నర గ్రాములకు తక్కువుండదు, అంటే బరువు ఒక్కసారిగా దాదాపు రెట్టింపు. గెంతడం మాత్రం ఆగేది. భయపడి బరువు మరీ తగ్గించేయడమూ తప్పే: తేలిక ముల్లు గోడకు ఆనకుండా ఎగిరి పడుతుంది, పడిన ప్రతిసారీ గాడికి ఓ దెబ్బ. కార్ట్రిడ్జ్‌తో పాటు చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కోమని పెద్దాయనకు రాశాను. రెండు గ్రాములకు సర్ది, ముందు చివరి పాటే పెట్టమన్నాను.