పన్ను తీసే ముందు మాత్రలు ఆపించాలా? దంతవైద్యంలో మందులపై అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో మా క్లినిక్‌కు వచ్చే నడివయసు దాటిన వారిలో చాలామందికి బీపీకో, షుగర్‌కో, గుండెకో రోజూ మందులు నడుస్తూనే ఉంటాయి. వాటి పేర్లు కేస్ షీట్‌లో సరిగ్గా రాసుకోవడానికి మనం దంతవైద్యులం కేటాయించే సమయం మాత్రం చాలా తక్కువ. మెడికల్ షాపులో స్ట్రిప్‌ను కత్తిరించి నాలుగు మాత్రలు ఇచ్చినప్పుడు పేరున్న ముక్క తరచూ షాపులోనే ఉండిపోతుంది. ఉరవకొండ వైపు నుంచి వచ్చిన పెద్దావిడ కొంగుముడి విప్పి ట్రే మీద పెట్టిన తెల్ల మాత్రల్లో బీపీది ఏదో, రక్తం పల్చబడేది ఏదో రంగు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అటువంటప్పుడు పాత చీటీ తెప్పించుకోవాలి, లేదా మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేయాలి. పేషెంటు వాడుతున్న మందుల కంటే మనం తొందరపడి ఆపించేవి, ఆలోచించకుండా అదనంగా రాసేవి ఎక్కువ హాని చేస్తాయని నా గట్టి అభిప్రాయం.

అపోహ: రక్తం పల్చబడే మాత్రలు వాడేవారు పన్ను తీయించుకోవడానికి అయిదు రోజుల ముందే వాటిని మానేయాలి.

వాస్తవం: ఒకటి రెండు పళ్లు తీయడానికి ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) గానీ క్లోపిడోగ్రెల్ గానీ ఆపవలసిన అవసరం సాధారణంగా ఉండదు. ఆస్పిరిన్ ప్రభావం రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ జీవించినంత కాలం, అంటే 7 నుంచి 10 రోజులు ఉంటుంది కాబట్టి రెండు రోజులు ఆపించినంత మాత్రాన రక్తస్రావం పెద్దగా తగ్గదు. పన్ను తీసిన చోట రక్తం కనబడుతుంది, ఒత్తి పట్టుకోవచ్చు, కుట్టు వేయవచ్చు, జెలటిన్ స్పాంజ్ పెట్టవచ్చు, రక్తస్రావాన్ని ఆపే ట్రానెగ్జామిక్ ఆమ్లంలో తడిపిన గాజుగుడ్డ కొరికించవచ్చు. గుండె రక్తనాళం మూసుకుపోకుండా వేసే స్టెంటులో గడ్డకట్టే రక్తం మాత్రం మన చేతికి అందదు. స్టెంటు వేసుకున్నవారు ఈ రెండు మందులనూ గడువుకు ముందే ఆపకూడదని అమెరికా హృద్రోగ, దంతవైద్య సంఘాలు 2007లోనే ఉమ్మడిగా హెచ్చరించాయి.

రక్తం పల్చబడే మందుల్లోనే మరో రకమైన అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవారి విషయంలో మరికొంత జాగ్రత్త కావాలి. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో 1991 నుంచీ గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నందున, కవాటం మార్చుకున్నవారు మన జిల్లాల్లో ఏ క్లినిక్‌కైనా రావచ్చు. వీరికి రక్తం ఎంత పల్చగా ఉందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష వీలైనంతవరకు 24 గంటల లోపుది ఉండాలి; ఎప్పుడూ నిలకడగా ఉండేవారికైతే 72 గంటల లోపుది చాలు. అది 4 కన్నా తక్కువ ఉంటే మాత్ర ఆపకుండానే, తగిన జాగ్రత్తలతో మామూలుగా పన్ను తీయవచ్చు. కృత్రిమ కవాటం ఉన్నవారికి గుండెకు ఇన్ఫెక్షన్ సోకకుండా పన్ను తీయడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు పెన్సిలిన్ రకం యాంటిబయాటిక్ అమోక్సిసిలిన్ 2 గ్రాములు ఒకే మోతాదుగా ఇవ్వాలి. పెన్సిలిన్ పడదా అని ముందే అడగాలి. స్టెంటు మాత్రమే ఉన్నవారికి ఈ యాంటిబయాటిక్ అక్కరలేదు.

అపోహ: మనం రాసేది మూడు రోజుల మందే కాబట్టి దానితో ఏమీ కాదు.

వాస్తవం: మన చీటీల్లో అలవాటుగా పడే యాంటిబయాటిక్ మెట్రోనిడజోల్ అసిట్రోమ్, వార్ఫరిన్‌ల బలాన్ని పెంచుతుంది. పన్ను తీసిన రోజు 2.5 ఉన్న ఐఎన్‌ఆర్ కొద్ది రోజుల్లోనే ప్రమాదకరమైన స్థాయికి చేరవచ్చు. నోటి పూతకు రాసే మైకొనజోల్ జెల్‌తోనూ ఇదే ముప్పు, పైపూతే కదా అని చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు బీపీ మందుల పనిని తగ్గిస్తాయి. టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలతో పాటు మూత్రం జారీ చేసే మాత్ర కూడా వాడే వృద్ధుల్లో కిడ్నీని దెబ్బతీయగలవు. ఇటువంటివారికి నొప్పికి మొదట పారాసెటమాల్ ఆలోచించడం మంచిది. పంటి లోపలి నరం వాచి గుంజుతున్నప్పుడు యాంటిబయాటిక్ రాస్తే నొప్పి తగ్గదు; అక్కడ చికిత్స చేయవలసింది పంటికే.

అపోహ: బీపీ ఉన్నవారికి అడ్రినలిన్ కలిసిన మత్తు ఇంజెక్షన్ ఇవ్వనే కూడదు.

వాస్తవం: బీపీ అదుపులో ఉన్నవారికి కొద్ది మోతాదులో ఇవ్వవచ్చు. మత్తు సరిగ్గా ఎక్కక నొప్పితో, భయంతో శరీరమే విడుదల చేసే అడ్రినలిన్ మనం ఎక్కించేదాని కంటే ఎక్కువ కావచ్చు. 1:80,000 ద్రావణంలో మిల్లీలీటరుకు 12.5 మైక్రోగ్రాముల అడ్రినలిన్ ఉంటుంది; గుండెజబ్బు ఉన్నవారికి 40 మైక్రోగ్రాములు దాటకూడదు కాబట్టి సుమారు 3 మిల్లీలీటర్ల దగ్గర ఆగాలి. ఇక్కడ ప్రత్యేకంగా అడగవలసింది బీపీకి కూడా వాడే ప్రొప్రనొలోల్ గురించి. దాన్ని తలనొప్పికో చేతుల వణుకుకో వాడేవారు, బీపీ ఉందా అని అడిగితే లేదనే చెబుతారు. వీరిలో అడ్రినలిన్ బీపీని ఒక్కసారిగా పెంచి నాడిని నెమ్మదింపజేయగలదు. 180/110 చేరిన బీపీకి ఆ రోజు అత్యవసరం కాని పని వాయిదా వేయడమే సరి.

అపోహ: పన్ను తీయించుకోవడానికి ఖాళీ కడుపుతో రావాలి.

వాస్తవం: కళ్యాణదుర్గం నుంచి తొలి బస్సెక్కి, షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని, "సూది ఏస్తారని ఏం తినకుండానే వచ్చినా సార్" అనే రైతు కుర్చీలో చెమటలు పట్టి కూలబడితే అది చాలాసార్లు భయం వల్ల కాదు, షుగర్ పడిపోవడం వల్ల. స్థానిక మత్తుకు పస్తు అవసరం లేదు. షుగర్ ఉన్నవారికి తిని, మందు వేసుకుని, ఉదయం పూట రమ్మని ముందే చెప్పాలి. గ్లూకోమీటర్, గ్లూకోజ్ పొడి కుర్చీ పక్కనే ఉంచుకోవాలి.

అపోహ: చిగుళ్లు వాస్తే కారణం పాచి ఒక్కటే.

వాస్తవం: బీపీకి వాడే ఆమ్లోడిపిన్, ఫిట్స్ మందు ఫెనిటాయిన్, అవయవ మార్పిడి అయినవారు వాడే సైక్లోస్పోరిన్ కూడా చిగురును పెంచుతాయి. పాచి తీయాలి, మందు మార్చవచ్చునేమో ఫిజీషియన్‌ను అడుగుతూ ఉత్తరం రాయాలి, మనమే మాన్పించకూడదు. ఫెనిటాయిన్ ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తిరగబెట్టవచ్చు.

అపోహ: ఎముకల మాత్రకూ పంటికీ సంబంధం లేదు.

వాస్తవం: అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ ఆమ్లం వంటి ఎముకల మందులు వాడినవారిలో పన్ను తీసిన చోట దవడ ఎముక మానక చచ్చుబడడాన్ని 2003లో మొదటిసారి వైద్యపత్రికల్లో నివేదించారు. ఎముకలు గుల్లబారినందుకు వాడేవారిలో ఈ ముప్పు తక్కువ. క్యాన్సర్ కోసం పెద్ద మోతాదులో ఎక్కించుకునేవారిలో చాలా ఎక్కువ. వారానికి ఒక మాత్ర, ఏడాదికి ఒక ఇంజెక్షన్ గనుక "రోజూ ఏం మందులు వాడుతున్నారు?" అన్న ప్రశ్నకు ఇవి బయటికి రావు. వారానికోసారి వేసుకునేవి, ఏడాదిలో ఎక్కించుకున్నవి విడిగా అడిగి కేస్ షీట్‌లో తేదీతో సహా రాసుకోవాలి. క్యాన్సర్ పేషెంట్లయితే ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టక ముందే చెడిపోయిన పళ్ల పని పూర్తి చేసేలా వారి డాక్టరుతో మాట్లాడాలి.