వేలికొన చుక్క, చేతిలో మిషన్: సిరొంచ వైపు అపోహలు - వాస్తవాలు

గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ దవాఖాన కాగితాలు మరాఠీలో ఉంటాయి, ఊళ్లలో మాట తెలుగు. గర్భిణుల పరీక్ష రోజున చేతిలో పట్టే హిమోగ్లోబిన్ మిషన్ బయటికి తీయగానే వినబడే మాటలకు నా జవాబులివి.

అపోహ: ఉన్న కాస్త రక్తమూ మీరే తీస్తారు.
క్యూవెట్ అనే చిన్న ప్లాస్టిక్ పలకలోకి వెళ్లేది 10 మైక్రోలీటర్లు, అంటే మిల్లీలీటరులో నూరో వంతు. ఒంట్లో ఉండేది నాలుగైదు లీటర్లు. భయం అక్కర్లేదు.

అపోహ: కంటి రెప్ప లాగి చూస్తే సరిపోతుంది.
రక్తం బాగా పడిపోయినప్పుడు రెప్ప తెల్లగా కనిపిస్తుంది. గర్భిణికి డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములు ఉండాల్సిన చోట 9 ఉంటే చాలాసార్లు కంటికి దొరకదు. 7 కన్నా తగ్గితే అది తీవ్ర రక్తహీనత. అప్పుడు ఇంటి దగ్గర గోలీలతో సరిపెట్టకూడదు, వెంటనే పెద్ద దవాఖానకు పంపాలి.

అపోహ: మిషన్‌లో అంకె వచ్చిందంటే తిరుగులేదు.
ఈ మాట ఎక్కువగా అనేది మా సిబ్బందే, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. మిషన్ చేసేది రక్తం గుండా కాంతి పంపి, ఎంత పీల్చుకుందో కొలవడం. క్యూవెట్‌లోకి ఏది వెళ్తే దాన్నే కొలుస్తుంది. వేలు గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది, అంకె తగ్గుతుంది. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా అంతే. వేలి పక్కభాగంలో గుచ్చాలి, మొదటి చుక్కలు తుడిచేయాలి, తర్వాత దానంతట వచ్చిన పెద్ద చుక్కతో క్యూవెట్ ఒక్కసారిగా నిండాలి. మధ్యలో గాలిబుడగ కనిపిస్తే పారేసి కొత్తది తీసుకోవాలి. చేతులు చల్లగా ఉంటే ముందు రుద్ది వేడి చేయాలి.

ఇంకోటి, వానాకాలం. రసాయనం పూసిన క్యూవెట్ల డబ్బా మూత తీసి ఉంచితే తేమకు చెడిపోతాయి. ప్రాణహిత, గోదావరి పొంగే నెలల్లో ఇక్కడి గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒకటి తీయగానే మూత బిగించండి, డబ్బా తెరిచిన తేదీ దానిమీదే రాయండి.

అపోహ: దవాఖానలో 9.8, ఊళ్లో 9.1 వచ్చింది, మిషన్ పాడైంది.
ఒకే వేలి నుంచి వచ్చిన రెండు చుక్కల్లోనే తేడా ఉండొచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల్లో సిర రక్తం తీసి ఆటోమేటిక్ ఎనలైజర్‌లో చూడటాన్నే మేలన్నది. అంకె 7కో 11కో అటూఇటూగా ఉంటే నేను సిర నుంచి తీసి మళ్లీ చూడాలంటాను. అలాగని చిన్న మిషన్‌ను తీసిపారేయొద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే హిమోక్యూ అనే ఇలాంటి చేతి మిషన్‌తోనే ఊరూరా కొలిచింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత ఉందని చెప్పింది ఆ సర్వేనే.

అపోహ: తక్కువొస్తే ఐరన్ గోలీలు, బాగా వస్తే ఏ జబ్బూ లేనట్టే.
నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. గర్భిణికి రోజుకు 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ ఆమ్లంతో కలిపి, 180 రోజులు ఇవ్వడం సరైనదే. చాయ్‌తో మింగొద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. కానీ మిషన్ రక్తం ఎంతుందో చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. మన అడవి ఊళ్లలో మలేరియా ఉంది, పేగుల్లో రక్తం పీల్చే కొంకిపురుగులున్నాయి, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్ ఉంది. జ్వరం వచ్చిపోయిన మనిషికి మలేరియా పరీక్ష కూడా చేయాలి.

సికిల్ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వచ్చిన వాహకులకు (జబ్బు లేకున్నా పిల్లలకు జన్యువు అందించగలవారికి) సాధారణంగా హిమోగ్లోబిన్ మామూలుగానే ఉంటుంది. 13 వచ్చిందని సంతోషంగా ఇంటికి వెళ్లిన అమ్మాయి కూడా వాహకురాలై ఉండొచ్చు. అలాంటివారు ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. దానికి వేరే పరీక్ష ఉంది, అదీ వేలిచుక్కతోనే మొదలవుతుంది. సాల్యుబిలిటీ అనే ఆ తొలి పరీక్షలో పాజిటివ్ వస్తే జబ్బా, వాహకమా అన్నది తేలదు, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ పరీక్షకు పంపాల్సిందే. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం ఈ జబ్బు ఉన్న గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారందరికీ ఈ పరీక్ష చేయాలంటోంది. ఈసారి హిమోగ్లోబిన్ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, సికిల్ పరీక్ష కూడా అయిందా అని అడగండి. కాకపోతే అప్పుడే చేయించుకోండి.